పార్టీ అభిమానం మారిందా, ఓటు మాత్రమే మారిందా? సర్వేల గురించి సిక్కోలు, విజయనగరం ఓటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

2019లో విజయనగరం జిల్లాలోని తొమ్మిది అసెంబ్లీ సీట్లనూ వైసీపీ గెలిచింది. 2024లో అవే తొమ్మిదీ టీడీపీ, జనసేన, బీజేపీల కూటమి ఖాతాలో పడ్డాయి. శ్రీకాకుళంలో 2019లో పది సీట్లకు వైసీపీకి ఎనిమిది, టీడీపీకి రెండు వస్తే, 2024లో పదికి పదీ కూటమివే. ఈ అంకెలు చూసి జనమంతా పార్టీ మార్చేశారని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను. సీట్లు తిరగబడినంత వేగంగా మనుషుల అభిమానం తిరగబడదు. దాన్ని కొలవడానికి సర్వే తప్ప వేరే దారి లేదు, కానీ మన దగ్గర జరిగే సర్వేల్లో ఎక్కువ భాగం ఆ ప్రశ్న అడగనే అడగవు. తరచూ వినిపించే సందేహాలకు ఇక్కడ జవాబులు రాశాను. సీట్ల లెక్క అంతా 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడక ముందున్న పాత జిల్లాలది.

ఓటు వేయడం, పార్టీని అభిమానించడం ఒకటే కదా?

కాదు. దీనికి మన శ్రీకాకుళం కంటే మంచి రుజువు దొరకదు. 2019లో శ్రీకాకుళం పార్లమెంటు పరిధిలోని ఏడు అసెంబ్లీ సీట్లలో ఐదు వైసీపీ గెలిచింది. ఇచ్ఛాపురం, టెక్కలి మాత్రమే టీడీపీకి దక్కాయి. ఆ ఏడు సీట్లలో పడిన అసెంబ్లీ ఓట్లన్నీ కలిపి చూసినా వైసీపీయే ముందుంది. అయినా ఎంపీగా గెలిచింది టీడీపీ అభ్యర్థి రామ్మోహన్ నాయుడు, 6,653 ఓట్ల తేడాతో. అంటే ఒకే బూత్‌లో, ఒకే రోజు, ఒకే మనిషి ఒక మిషన్ మీద ఫ్యాన్ నొక్కి పక్క మిషన్ మీద సైకిల్ నొక్కాడు. అలాంటివాళ్లు వేలల్లో ఉన్నారు.

2024లో అరకు పార్లమెంటులో ఇదే తిరగేసి జరిగింది. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, రంపచోడవరం అసెంబ్లీ సీట్లు కూటమివి. ఎంపీ మాత్రం వైసీపీ.

మరి ఇలా రెండు రకాలుగా నొక్కినవాళ్లు ఏ పార్టీ వాళ్లు? ఓట్ల లెక్కింపు దీనికి జవాబు చెప్పలేదు. వాళ్లనే అడగాలి. "మామూలుగా మీకు దగ్గరగా అనిపించే పార్టీ ఏది?" అని అడిగితే వచ్చే జవాబునే పార్టీ అభిమానం అంటాం. ఓటు ఒక్క రోజు తీసుకునే నిర్ణయం. అభిమానం ఏళ్ల తరబడి, ఒక్కోసారి తరాల తరబడి ఉండేది.

సర్వేల్లో దాన్ని ఎలా అడుగుతారు?

ఈ ప్రశ్నకు పునాది వేసింది అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, 1950లలో. "మామూలుగా చూస్తే మిమ్మల్ని మీరు రిపబ్లికన్ అనుకుంటారా, డెమొక్రాట్ అనుకుంటారా, ఇండిపెండెంట్ అనుకుంటారా?" అని అక్కడి జాతీయ ఎన్నికల అధ్యయనం 1952 నుంచి అడుగుతోంది. అక్కడి సర్వే సంస్థ గాలప్ కూడా దాదాపు అదే అడుగుతుంది గానీ, "మామూలుగా చూస్తే" అనే చోట "ఈ రోజుకి" అంటుంది. చిన్న తేడాలాగే కనిపిస్తుంది. కానీ "ఈ రోజుకి" అని అడిగితే మనిషి పొద్దున పేపర్లో చదివిన వార్త కూడా జవాబులోకి వచ్చేస్తుంది. అందుకే గాలప్ అంకెలు ఎక్కువ ఊగుతాయి, మిచిగాన్ పద్ధతి అంకెలు నిదానంగా కదులుతాయి. అభిమానం నిజంగా మారుతోందా, లేక ప్రశ్న వల్ల మారినట్టు కనిపిస్తోందా అని అక్కడి పండితులు చాలా ఏళ్లు వాదించుకున్నారు.

మన దేశంలో ఈ పని పద్ధతిగా చేస్తున్నది ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ సంస్థకు చెందిన లోక్‌నీతి. సీఎస్‌డీఎస్‌ను 1963లో స్థాపించింది రజనీ కొఠారీ. 1996 నుంచి ప్రతి లోక్‌సభ ఎన్నికకూ ఈ సంస్థ జాతీయ ఎన్నికల అధ్యయనం జరుగుతోంది. ఓటు ఎవరికి వేశారన్నది ఒక ప్రశ్న, ఏదైనా పార్టీకి దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుందా అన్నది వేరే ప్రశ్న.

మన టీవీ చానళ్ల సర్వేల్లో వినిపించేది సాధారణంగా ఒకటే: "రేపు ఎన్నికలు జరిగితే ఎవరికి వేస్తారు?" అది తప్పు ప్రశ్న కాదు. కానీ దానికి వచ్చిన జవాబుతో "ఫలానా పార్టీ కేడర్ చెదిరిపోయింది" అని చెప్పడం మాత్రం తప్పు.

అమెరికా లెక్కలు మనకెందుకు?

ఒకే ప్రశ్నను డెబ్బై ఏళ్లుగా అడుగుతున్న చోటు అది గనక. అభిమానం ఎంత వేగంగా కదలగలదో చూడటానికి అంతటి వరుస ఇంకెక్కడా దొరకడం కష్టం.

2021 మొదటి మూడు నెలల్లో గాలప్ అడిగినప్పుడు డెమొక్రాట్లు, అటు మొగ్గేవాళ్లు కలిపి 49 శాతం. రిపబ్లికన్లు, అటు మొగ్గేవాళ్లు కలిపి 40 శాతం. అదే ఏడాది చివరి మూడు నెలలకు డెమొక్రాట్ల వైపు 42, రిపబ్లికన్ల వైపు 47. తొమ్మిది శాతం ఆధిక్యం పోయి ఐదు శాతం వెనకబాటు వచ్చింది. అధ్యక్షుడు బైడెన్ మీద జనం అభిప్రాయం అదే ఏడాదిలో బాగా పడిపోయింది. అయితే కదిలినవాళ్లు ఎక్కువగా అంచున ఉన్నవాళ్లే, "అటు మొగ్గుతాం" అని చెప్పే రకం. గట్టిగా మాది ఫలానా పార్టీ అనేవాళ్లు అంత తొందరగా కదలరు. మన దగ్గరా ఇదే చూస్తాం.

2019లో అంతా ఫ్యాన్, 2024లో అంతా కూటమి. ఇంకా అభిమానం మారలేదంటారేమిటి?

సీట్లు పక్కన పెట్టి ఓట్ల శాతం చూడండి. 2019లో రాష్ట్రం మొత్తం మీద టీడీపీకి 39.17 శాతం ఓట్లొస్తే 23 సీట్లొచ్చాయి. ఆ రోజు "టీడీపీ పని అయిపోయింది" అన్నారు. 2024లో వైసీపీకి 39.37 శాతం ఓట్లొస్తే 11 సీట్లొచ్చాయి. ఇప్పుడు "వైసీపీ పని అయిపోయింది" అంటున్నారు. రెండుసార్లూ ఓడిన పార్టీ వెనక నిలబడినవాళ్లు వందకు 39 మంది. ఘోరంగా ఓడిన ఏడాది కూడా వదలకుండా ఉన్నవాళ్లు వీళ్లు. నా దృష్టిలో పార్టీ అభిమానానికి అడుగుమట్టం ఇదే.

2014 చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. నేటి ఆంధ్రప్రదేశ్‌లోని 175 సీట్లలో రెండు పార్టీలకూ ఓట్లు 44, 45 శాతం మధ్యే వచ్చాయి. సీట్లు మాత్రం టీడీపీకి 102, వైసీపీకి 67.

నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా సీటు గెలిచినట్టే కాబట్టి ఇలా జరుగుతుంది. వందలో ఐదుగురు ఇటు నుంచి అటు వెళ్తే రెండు పార్టీల మధ్య తేడా పది శాతం మారిపోతుంది. ఆ పది శాతం ప్రతి నియోజకవర్గంలోనూ ఒకే తీరుగా పడితే జిల్లా జిల్లానే తుడిచిపెట్టుకుపోతుంది. మిగిలిన తొంభై అయిదు మంది ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారన్న సంగతి ఫలితాల పట్టికలో కనపడదు.

వైసీపీ 2019లో దాదాపు 50 శాతం నుంచి 2024లో 39కి పడింది. అది చిన్న విషయం అనను. నికరంగా చూస్తే అప్పుడు ఓటేసిన ప్రతి ఐదుగురిలో ఒకరు తగ్గారు. కానీ ఆ ఒక్కరు ఇప్పుడు టీడీపీ అభిమాని అయ్యారా, ఈసారికి కోపంతో వేశారా, అసలు ముందు నుంచీ ఏ పార్టీ మనిషీ కాదా? ఈ మూడూ వేర్వేరు సంగతులు. వచ్చే ఎన్నికల్లో ఏం జరుగుతుందన్నది ఈ తేడా మీదే ఉంది. ఓటుకు ముందూ తర్వాతా అవే మనుషుల్ని అడిగితేనే అది తేలుతుంది.

పొత్తు ఉన్నప్పుడు ఎవరి అభిమానులు ఎంతమందో ఎలా తెలుస్తుంది?

ఓట్ల లెక్కల నుంచి తెలియదు. పాలకొండనే తీసుకోండి. 2024లో అసెంబ్లీకి కూటమి తరఫున జనసేన పోటీ చేసింది, గుర్తు గాజు గ్లాసు. పార్లమెంటుకు బీజేపీ, గుర్తు కమలం. ఎన్టీ రామారావు పార్టీ పెట్టిన నాటి నుంచి సైకిల్‌కే ఓటేస్తున్న పెద్దాయన ఆ రోజు బూత్‌లోకి వెళ్తే రెండు మిషన్ల మీదా సైకిల్ లేదు. నెల్లిమర్లలో గ్లాసు, ఎచ్చెర్లలో కమలం. అక్కడ కనీసం పార్లమెంటు మిషన్ మీద సైకిల్ ఉంది.

ఆ పెద్దాయన గ్లాసుకు వేస్తే లెక్కల్లో జనసేన ఓటరు. కమలానికి వేస్తే బీజేపీ ఓటరు. మనసులో ఆయన ఎవరో ఆయన్ని అడిగితేనే తెలుస్తుంది.

జనసేన ఓట్ల శాతం 2019లో 5.53, 2024లో 6.85. పెరుగుదల చిన్నదే అనిపిస్తుంది. కానీ రెండోసారి పోటీ చేసింది 21 సీట్లలో మాత్రమే, అన్నీ గెలిచింది. టీడీపీ 144 చోట్ల మాత్రమే నిలబడి 45.6 శాతం తెచ్చుకుంది. ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి ఏ పార్టీ బలం ఎంత పెరిగిందో చెప్పేవాళ్లను నమ్మకండి. పొత్తు ఉన్న ఎన్నికల్లో "ఎవరికి వేశారు" అన్నదానితో పాటు "మీకు దగ్గరైన పార్టీ ఏది" అని విడిగా అడగని సర్వే సగం సర్వేనే.

కాంగ్రెస్ వాళ్లంతా ఎక్కడికి వెళ్లారు?

2009లో ఉమ్మడి రాష్ట్రంలో 156 సీట్లు గెలిచిన పార్టీకి 2014లో మన వైపు ఒక్క సీటూ రాలేదు. ఐదేళ్లలో ఇంత పెద్ద మార్పు ఇక్కడి రాజకీయాల్లో అరుదు. రాష్ట్ర విభజన కోపం ఒక కారణం. 2011 మార్చిలో వైసీపీ పుట్టడం రెండోది.

సర్వే కాగితం మీద ఇది "కాంగ్రెస్ నుంచి వైసీపీకి మారారు" అని పడుతుంది. ఊళ్లలో అడిగితే మాట వేరుగా ఉంటుంది. "మేమేటి మారనేదు బావూ, మాది మొదట్నుంచీ రాజశేఖర రెడ్డి వైపే" అంటారు. వాళ్ల లెక్కలో చెయ్యి గుర్తు పోయి ఫ్యాన్ గుర్తు వచ్చింది, అంతే. ఊళ్లో ఎదుటి వర్గం ఎప్పుడూ సైకిలే, వీళ్లు ఎప్పుడూ సైకిల్‌కి ఎదురే. పేరు మారింది, పక్షం మారలేదు. అభిమానం మీద సర్వే చేసేవాళ్లు ఇక్కడ ఒక అదనపు ప్రశ్న అడగాలి: "మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ పార్టీకి వేసేవారు?" ఆ ఒక్క ప్రశ్నతో ఎన్నో మార్పులు మార్పులే కావని తేలుతుంది.

ప్రజారాజ్యం సంగతి దీనికి పూర్తిగా వేరు. 2008లో పుట్టి, 2009లో 18 సీట్లు గెలిచి, 2011లో కాంగ్రెస్‌లో కలిసింది. ఆ అభిమానులకు 2014లో జనసేన వచ్చేదాకా సొంత గూడు లేదు. అలాంటి మధ్యకాలంలో సర్వే చేస్తే వీళ్లు "ఏ పార్టీ కాదు" అని రాయించుకుంటారు. తటస్థులు పెరిగారని మనం పొరబడతాం.

నాయకుడు కండువా మారిస్తే వెంట జనం కూడా మారతారా?

కొంతమంది మారతారు. అందరూ కాదు. విజయనగరంలో అశోక్ గజపతిరాజు 1978లో జనతా పార్టీ తరఫున గెలిచి, తర్వాత టీడీపీలోకి వచ్చి దశాబ్దాల పాటు అక్కడే ఉన్నారు. ఆయన మీద ఉన్న గౌరవం, పార్టీ మీద ఉన్న అభిమానం ఆ పట్టణంలో కలిసిపోయి ఉంటాయి, విడదీయడం కష్టం. బొత్స సత్యనారాయణ రాష్ట్ర కాంగ్రెస్ (పీసీసీ) అధ్యక్షుడిగా పనిచేసి 2015లో వైసీపీలో చేరారు. చీపురుపల్లిలో 2019లో గెలిచారు, 2024లో ఓడారు. నాయకుడి వెంట నడిచే ఓటు ఉంటుంది గానీ, అది ఒక్కటే సీటు గెలిపించదని దీన్నిబట్టి తెలుస్తుంది. మంచి సర్వే నాయకుడి పేరు చెప్పి ఒకసారి, పార్టీ పేరు చెప్పి ఒకసారి అడుగుతుంది. తేడా ఎంతో అదే నాయకుడి సొంత బలం.

సర్వే వాళ్లకు మనవాళ్లు నిజం చెబుతారా?

అందరికంటే ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇది. నిజాయితీగా చెప్పాలంటే, అడిగే తీరు మీద ఉంటుంది.

ఊళ్లోకి ట్యాబ్ పట్టుకుని ఒక కుర్రాడు వస్తాడు. రామమందిరం దగ్గర ఆగుతాడు. నలుగురు పోగవుతారు. వాళ్లలో ఒకరు వార్డు మెంబరో, పార్టీ బూత్ కమిటీ మనిషో అయి ఉంటారు. కుర్రాడు ఒకాయన్ని అడుగుతాడు, ఆయన జవాబు చెప్పే ముందు ఆ మెంబరు మొహం చూస్తాడు. అక్కడితో ఆ సర్వే పాడైనట్టే. నేను దగ్గరుండి చూసిన ఒక ఇంట్లో అయితే, కోడల్ని అడిగితే అత్తగారు చెప్పింది, అత్తగారిని అడిగితే లోపల్నుంచి మామగారు చెప్పారు. ముగ్గురి పేరునా ఒకే జవాబు పడింది. ఆయన పొలానికి వెళ్లాక, బయట గోలెం దగ్గర గిన్నెలు తోముతూ ఆ కోడలు తల ఎత్తకుండానే వేరే గుర్తు చెప్పింది.

లోక్‌నీతి వాళ్లు ఓటు ప్రశ్నను నోటితో అడగరు. గుర్తులు అచ్చు వేసిన నమూనా బ్యాలెట్ కాగితం చేతికిచ్చి, ముద్ర వేసి మడిచి డబ్బాలో వేయమంటారు. అడిగినవాళ్లకు కూడా ఏ గుర్తో కనపడదు. చదువు రానివాళ్లు కూడా ఎవరి సాయం లేకుండా చేయగలరు. ఆడవాళ్లను ఆడవాళ్లే అడగడం, ఇంట్లో ఒక్కర్నే కూర్చోబెట్టి అడగడం, ఓటరు జాబితాలో పేరు వచ్చినవాళ్లనే వెతికి అడగడం, ఇవన్నీ ఖర్చుతో, ఓపికతో కూడిన పనులు. మన దగ్గర హడావుడిగా జరిగే సర్వేల్లో ఇవేవీ ఉండవు.

భయం ఇంకొకటి. 2019 ఆగస్టు నుంచి ప్రతి యాభై ఇళ్లకూ ఒక వాలంటీరు ఉండేవారు. ఎవరైనా ఫోన్ పట్టుకుని వచ్చి పేరు అడిగితే, పింఛను సంగతేమో అనుకోవడం జనానికి అలవాటైంది. అలాంటప్పుడు "ప్రభుత్వం బాగుందా?" అంటే బాగుందనే అంటారు. ప్రభుత్వం మారాక కూడా ఈ జాగ్రత్త పోలేదు, మొగ్గే వైపు మాత్రం మారింది. అధికారంలో ఉన్న పార్టీకి సర్వేల్లో కాస్త ఎక్కువ కనిపించడానికి ఇదొక కారణం అని నా అభిప్రాయం.

గెలిచిన తర్వాత అడిగితే మరో చిక్కు. "పోయిన ఎన్నికల్లో ఎవరికి వేశారు?" అంటే నిజంగా వేసినవాళ్ల కంటే ఎక్కువ మంది గెలిచిన పార్టీ పేరు చెబుతారు. ఇది అన్ని దేశాల్లో కనిపించేదే.

పథకం తీసుకున్నవాళ్లు ఆ పార్టీ మనుషులు అయిపోతారా?

పార్టీలు అలాగే లెక్కేసుకుంటాయి. పలాస చూడండి. ఉద్దానం కిడ్నీ బాధ ఎంత పాతదో, ఎన్ని ఇళ్లను కూల్చిందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రినీ, ఉద్దానానికి మంచినీళ్ల పథకాన్నీ ప్రారంభించారు. చాలా అవసరమైన పనులు. ఆర్నెల్లు తిరక్కుండానే వచ్చిన ఎన్నికల్లో పలాసలో అధికార పార్టీ ఓడిపోయింది. మేలు గుర్తుపెట్టుకోలేదని జనాన్ని తప్పుపట్టడం నాకు నచ్చదు. ఆస్పత్రి వాళ్ల హక్కు. మేలు పొందడం, పార్టీని తనదనుకోవడం రెండూ ఒకటి కావు. సర్వేలో "మీకు పథకం అందిందా?" అన్న ప్రశ్న తర్వాత వెంటనే పార్టీ ప్రశ్న అడిగితే జవాబు కలుషితమవుతుంది. పార్టీ ప్రశ్న ముందే అడిగేయాలి.

వెయ్యి మందిని అడిగి జిల్లా మొత్తం గురించి ఎలా చెబుతారు?

సరిగ్గా ఎంచితే చెప్పొచ్చు. చీటీలు తీసినట్టు ఎవరి పేరైనా వచ్చే అవకాశం సమానంగా ఉండేలా వెయ్యి మందిని ఎంచితే, వచ్చిన శాతం అసలు కంటే మూడు శాతం అటూ ఇటూ ఉంటుంది. నాలుగు వందల మందైతే ఐదు, వంద మందైతే దాదాపు పది. ఒక నియోజకవర్గానికి వంద మందిని అడిగి "ఇక్కడ నాలుగు శాతం ఆధిక్యం" అని ప్రకటిస్తే అందులో అర్థం లేదు.

ఎంతమందన్న దానికంటే ఎవరన్నది ముఖ్యం. పలాస-కాశీబుగ్గలో జీడి పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్లు పొద్దున వెళ్తే సాయంత్రానికి గానీ ఇంటికి రారు. ఎండాకాలం పొద్దుటి పూట ఉపాధి హామీ పనుల్లో ఊరు సగం ఉంటుంది. పదకొండింటికి వెళ్లి తలుపు తట్టే సర్వేకి ముసలివాళ్లు, పనిలేని మగవాళ్లే దొరుకుతారు. 2011 జనాభా లెక్కల్లో వెయ్యి మంది మగవాళ్లకు శ్రీకాకుళంలో 1,015 మంది, విజయనగరంలో 1,019 మంది ఆడవాళ్లున్నారు. మీరు చూసిన సర్వేలో సగానికి పైగా ఆడవాళ్లు లేకపోతే అది ఈ జిల్లాల సర్వే కాదు.

తీరం వెంబడి మత్స్యకార పల్లెలు, వంశధార కాలువ కింది ఊళ్లు, ఉద్దానం తోటలు, కొండ మీద సవర, జాతాపు గూడేలు, పట్టణాలు. అన్నింటికీ వాటా ఉండాలి. మెయిన్ రోడ్డు మీద కారు ఆగే ఊళ్లలోనే అడిగి వచ్చేస్తే కుదరదు.

వలస వెళ్లినవాళ్ల సంగతి?

సర్వే రోజున హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటారు. పోలింగ్ ముందు రోజు రైళ్లు, బస్సులు కిక్కిరిసి వచ్చి ఓటేసి వెళ్తారు. ఇంటింటి సర్వే వాళ్లను పట్టుకోలేదు. ఓటరు జాబితాలోంచి పేర్లు తీసి, ఇంట్లో లేనివాళ్లకు ఫోన్ చేసి అడగడం తప్ప దారి లేదు. అదీ ఇంట్లోవాళ్లు నంబరు ఇస్తేనే.

పోయిన నెల సర్వేలో 41, ఈ నెల 44. పార్టీ పెరిగినట్టేనా?

చెప్పలేం. వెయ్యి మందితో చేసిన రెండు సర్వేలను పోల్చేటప్పుడు నాలుగు శాతం పైచిలుకు తేడా కూడా కేవలం ఎంపికలో వచ్చిన ఊగిసలాట కావచ్చు. వరుసగా మూడు నాలుగు సర్వేలు ఒకే దిశలో కదిలితే అప్పుడు మాట్లాడాలి. అది కూడా ఒకే సంస్థ, ఒకే ప్రశ్న, ఒకే పద్ధతి అయితేనే.

ఇంకో మాట. అంకె కదలకపోతే ఎవరూ మారలేదని కాదు. వెయ్యి మందిలో అరవై మంది ఫ్యాన్ నుంచి సైకిల్‌కి, అరవై మంది సైకిల్ నుంచి ఫ్యాన్‌కి వెళ్తే నికర మార్పు సున్నా. కానీ నూట ఇరవై మంది మనసు మార్చుకున్నారు. అవే మనుషుల్ని మళ్లీ అడిగే పద్ధతిలోనే ఇది బయటపడుతుంది. ఖర్చు ఎక్కువని మన దగ్గర అరుదుగా చేస్తారు. చేయాల్సింది మాత్రం అదే.

సర్వేలో ఒక పార్టీ వాళ్లు ఎక్కువగా పడితే తగ్గించి సరిచేయొచ్చు కదా?

ఆడా మగా, వయసు, పట్టణం, పల్లె, కులం లాంటివి సరిచేయొచ్చు. వాటికి జనాభా లెక్కలో, ఓటరు జాబితాలో, ఎంతో కొంత ఆధారం ఉంటుంది. పార్టీ అభిమానాన్ని అలా సరిచేయకూడదు. మనం కొలవాలనుకున్నదే అది. 2012లో అమెరికాలో సర్వేల్లో డెమొక్రాట్లు ఎక్కువ పడ్డారని కొందరు తమ అంచనా ప్రకారం తగ్గించి లెక్కలు మళ్లీ వేశారు. రిపబ్లికన్ అభ్యర్థి రోమ్నీ గెలుస్తారని వాళ్ల లెక్క. ఒబామా గెలిచారు.

తటస్థులు పెరుగుతున్నారా?

అమెరికాలో గాలప్ లెక్క ప్రకారం 2023, 2024 రెండేళ్లూ తమను ఇండిపెండెంట్లుగా చెప్పుకున్నవాళ్లు 43 శాతం, రెండు పెద్ద పార్టీల వాళ్లకంటే చాలా ఎక్కువ. కానీ "ఎటు మొగ్గుతారు?" అని రెండో ప్రశ్న వేయగానే వాళ్లలో ఎక్కువ మంది ఒక వైపు చెప్పేస్తారు. ఎటూ మొగ్గనివాళ్లు మొత్తం జనంలో పదిమందికి ఒకరు అటూ ఇటూగా మిగులుతారు.

మన ఊళ్లలో కూడా "మాకు ఏ పార్టీ లేదు, మంచోళ్లకి వేస్తాం" అనే మాటకు అక్కడే ఆగిపోకూడదు. రెండో ప్రశ్న అడగాలి. చదువుకుని బయట ఉద్యోగాలు చేస్తున్న కుర్రాళ్లలో నిజంగా ఎటూ లేనివాళ్లు ఎక్కువని నాకు అనిపిస్తుంది. 1983లో ఓటు వయసు ఇరవై ఒకటి. ఎన్టీఆర్‌కు తొలి ఓటు వేసినవాళ్లందరికీ ఇప్పుడు అరవై దాటాయి. వాళ్లకు సైకిల్ ఒక జ్ఞాపకం. మనవలకు అది ఒక గుర్తు మాత్రమే. తరం మారడం వల్ల వచ్చే ఈ మార్పు ఒక ఎన్నికలో తెలియదు, ఇరవై ఏళ్ల వరుస చూస్తే తెలుస్తుంది.

ఎగ్జిట్ పోల్‌తో అభిమానం తెలుస్తుందా?

తెలియదు, అది ఓటు లెక్కే. ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఏ సెక్షన్ ప్రకారం చివరి విడత పోలింగ్ ముగిసిన అరగంట దాకా ఎగ్జిట్ పోల్ బయటపెట్టకూడదు. పెడితే రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అందుకే మన పోలింగ్ 2024 మే 13న అయినా అంచనాలు జూన్ 1 సాయంత్రం వచ్చాయి. కొన్ని వైసీపీదే అధికారం అన్నాయి, కొన్ని కూటమిదే అన్నాయి.

వాట్సాప్‌లో వచ్చే సర్వేలు, ఫోన్‌లో "ఒకటి నొక్కండి" అనే కాల్స్?

ఎవరు చేశారు, ఎవరు డబ్బిచ్చారు, ఏ తేదీల్లో, ఎంతమందిని, ఏ ప్రశ్న అడిగారు. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఫార్వర్డ్ చేయకండి. ఇలా నంబర్లు నొక్కమనే ఐవీఆర్ఎస్ కాల్స్ చాలావరకు పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకోవడానికి చేయించేవి. ఓపిగ్గా చివరి దాకా వినేవాళ్లు రాజకీయం మీద ఆసక్తి ఉన్నవాళ్లే కాబట్టి, వాటిలో గట్టి అభిమానులు అసలు కంటే ఎక్కువగా కనిపిస్తారు.

మా ఊళ్లో మేమే చిన్న సర్వే చేద్దామనుకుంటున్నాం. ఎలా?

చాలా మంచి ఆలోచన, కాలేజీ పిల్లలు తప్పకుండా చేయాలి. పోలింగ్ కేంద్రం ఓటరు జాబితా తీసుకోండి. పన్నెండు వందల మంది ఉంటే ప్రతి పదో పేరూ ఎంచండి, నూట ఇరవై మంది వస్తారు. ఇంట్లో లేరని పక్కింటివాళ్లను అడగొద్దు, మళ్లీ వెళ్లండి. మొదటి ప్రశ్న: "మామూలుగా మీకు దగ్గరగా అనిపించే పార్టీ ఏదైనా ఉందా?" ఉందంటే: "బాగా దగ్గరా, కొంచెం దగ్గరా?" లేదంటే: "ఏదో ఒక వైపు కొంచెమైనా మొగ్గుందా?" ఆ తర్వాత ఓటు ప్రశ్న, మడిచిన కాగితం మీద. చివర్లో పెద్దవాళ్లు ఎవరికి వేసేవారన్నది.

వచ్చిన శాతం ఎనిమిది తొమ్మిది అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఎవరు గెలుస్తారో చెప్పడానికి వాడొద్దు. జవాబుల కాగితం మీద పేరు రాయొద్దు. జాబితాలోని వరుస సంఖ్యను విడిగా ఒక పుస్తకంలో రాసి, ఊళ్లో ఏ పార్టీ మనిషి చేతికీ చిక్కకుండా దాచండి. ఏడాది తిరిగాక అవే ఇళ్లకు అవే ప్రశ్నలతో వెళ్లి, అప్పటి కాగితం పక్కన ఇప్పటిది పెట్టి చూడండి.